యువత అభిప్రాయ సేకరణ: సులువు మార్గాలు

"జిల్లాలోని యువత అభిప్రాయాలు సేకరించి శుక్రవారంలోగా నివేదిక పంపగలరు" అని పైనుంచి మెమో వచ్చిందా? కంగారు పడకండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 దసరా రోజున పాత పాలమూరులోంచి విడివడిన జిల్లాలే. ఒకచోట పారిన ఉపాయం మిగతా రెండుచోట్లా పారుతుంది.

ముందు ముహూర్తం. గద్వాల జిల్లాలో ఐజ, గట్టు, మల్దకల్ వైపు అయితే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెట్టుకోండి. పొద్దున పది గంటలకు. సీడ్ పత్తి వేసిన చేన్లలో అప్పుడే క్రాసింగ్ జోరుగా ఉంటుంది. ముందురోజు సాయంత్రం గిల్లిపెట్టిన మొగ్గలకు ఈ పొద్దున మగపువ్వు పుప్పొడి అద్దాలి. పొద్దు మీరితే పని చెడుతుంది. చిన్న చేతులైతే నాజూకుగా చేస్తాయని ఏళ్ల తరబడి బడి పిల్లలను కూడా ఆ సాళ్లలోకే తోలారు. అంటే మీ సమావేశానికి రావలసినవాళ్లంతా చేన్లో ఉంటారు, వచ్చేవాళ్లంతా మీకు తెలిసినవాళ్లే అయి ఉంటారు. చాయ్ ఖర్చు కలిసొస్తుంది. హాజరు పలచగా ఉందేమని పైవాళ్లు అడిగితే "యువతలో ఆసక్తి కొరవడింది" అని రాయండి. ఈ వాక్యం ఏ మండలానికైనా సరిపోతుంది.

వేదిక ఎప్పుడూ జిల్లా కేంద్రంలోనే ఉండాలి. నల్లమల అడవిలో పెంటల్లో, అంటే గూడేల్లో ఉండే చెంచు పిల్లలు నాగర్‌కర్నూల్ దాకా ఎట్లా వస్తారు, తిరిగి ఎప్పుడు పోతారు అన్నది మీ పని కాదు. "ఆహ్వానించాం" అనే మాటలో బస్సు చార్జీలు కలిసి ఉండవు.

యువత అంటే ఎవరు? 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్లవాళ్లని చెప్పింది. దాన్ని పట్టించుకుంటే మన యువ నాయకులు సగానికి సగం ఎగిరిపోతారు. ఫ్లెక్సీని నమ్మండి. చౌరస్తాలో చేతులు జోడించిన బొమ్మ కింద "యువ" అని ఉంటే చాలు, జుట్టుకు రంగు వేసుకున్నా యువతే. అతన్ని మొదటి వరుసలో కూర్చోబెట్టి, మైకు ఇచ్చి, మళ్లీ అడక్కండి. మైకు తిరిగొచ్చేసరికి భోజనాల వేళవుతుంది. ఆడపిల్లల అభిప్రాయం తప్పనిసరి అన్నారా? తండ్రిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి "చెప్పమ్మా, నీకేమన్నా ఇబ్బందా?" అనండి. లేదంటుంది. రాసుకోండి.

పద్దెనిమిది నిండనివాళ్ల గొడవ అసలే లేదు. రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాటకు విలువివ్వాలనే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లోనే చేరింది. నిజమే, కానీ ఆ కాగితం గట్టు మండలం దాకా నడిచి రాదు. సరిహద్దు దాటి రాయచూరు వైపు మాత్రం చూడకండి. కర్ణాటక పంచాయతీలు పిల్లల కోసమే మక్కళ గ్రామసభ పెడతాయి. అక్కడ పిల్లలు లేచి బడి మరుగుదొడ్డికి నీళ్లేవని పెద్దవాళ్లను అడుగుతారు. అదొక అంటువ్యాధి. రాష్ట్ర సరిహద్దు అడ్డుగా ఉండటం మన అదృష్టం.

ప్రశ్నలు రాతలో ఉంటే మేలు. 2011 లెక్కల ప్రకారం రాష్ట్రంలో అక్షరాస్యత అట్టడుగున ఉన్నది గద్వాల జిల్లాలోనే కాబట్టి ఇంగ్లిషులో గూగుల్ ఫారం అయితే మరీ మేలు. లింకును అధికారుల వాట్సాప్ గ్రూపులో వేయండి. "అభివృద్ధి కావాలా?" అని అడగండి. అవును, చాలా అవును అని రెండే గడులు పెట్టండి. ఏ అభివృద్ధి, ఎవరి పొలంలో అనే మూడో గడి పెడితే పేజీ పాడవుతుంది.

అసలు అడగకుండానే గట్టెక్కే దారి కూడా ఉంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ ప్రాజెక్టులను కేంద్రం 2021లో పర్యావరణ అనుమతుల బీ2 కేటగిరీలో వేసింది. ఆ కేటగిరీకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఇంత సుఖం ఇంకెక్కడుంది? 2025లో ఇదే గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు కదిలాయి, కేసులు పడ్డాయి, అరెస్టులయ్యాయి. ముందు అడగని అభిప్రాయాలు తర్వాత ఠాణాలో వాంగ్మూలాలుగా నమోదవుతాయన్నమాట. అదీ సేకరణే, పైగా సంతకాలతో సహా.

కాకపోతే ఈ దారిలో ఒక ప్రమాదముంది. నల్లమలలో యురేనియం అన్వేషణ సంగతి 2019లో రచ్చకెక్కినప్పుడు కుర్రకారు ఎవరూ అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. ఫోన్లలో చెప్పింది, చెంచులతో కలిసి రోడ్ల మీద చెప్పింది. చివరికి సెప్టెంబరు 16న యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభే తీర్మానం చేయాల్సివచ్చింది. గూగుల్ ఫారం ముందే పంపి ఉంటే అంత దూరం వచ్చేదా?

చివరగా నివేదిక. ఫొటోలు ముందు, అంకెలు తర్వాత, మాటలు అనుబంధంలో. చెప్పినవాళ్లకు ఏమైందో మాత్రం తిరిగి చెప్పకండి. వచ్చే ఏడు ఎవడైనా లేచి "పోయినసారి మా ఊరికి బస్సు వేస్తమని రాసుకున్నరు గద సార్, ఏమాయె?" అంటే వాడి పేరు, ఊరు శ్రద్ధగా రాసుకోండి. ఆ తర్వాతిసారి ఆహ్వానితుల జాబితా తయారుచేసేటప్పుడు మొదట కొట్టేయాల్సిన పేరు అదే.