అడుగుతుంది, వినదు

డైలాగ్ బాక్స్ అంటే కంప్యూటర్ తెరపై పిలవని పేరంటంగా ఊడిపడే చిన్న పెట్టె. జవాబు చెప్పేదాకా మరో పని ముట్టుకోనివ్వని రకాన్ని మోడల్ డైలాగ్ అంటారు. 1984 నాటి మెకింటోష్ కుప్పకూలితే, ఈ పెట్టెలో వత్తి అంటుకున్న బాంబు బొమ్మ కనిపించేది. విండోస్ 95 ఇంకో మెట్టెక్కి, ప్రోగ్రామ్ ‘చట్టవిరుద్ధమైన పని’ చేసింది కనుక మూసేస్తున్నామని ప్రకటించేది. నేరం ప్రోగ్రామ్‌ది, గుండెదడ ఎదురుగా కూర్చున్న గుమాస్తాది.

పెట్టెకు ప్రాణం బటన్లే. ‘ఫైలు పాడైంది’ అన్న వార్త కింద ‘ఓకే’ ఒక్కటే ఉంటుంది. కాదనే వీలు లేదు, ఏడ్చే బటన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అంతకన్నా వింత, ‘క్యాన్సిల్ చేయమంటారా?’ అన్న ప్రశ్న కింద ‘ఓకే’, ‘క్యాన్సిల్’ పక్కపక్కనే ఉండటం. టికెట్ రద్దు చేసుకోబోయే మనిషి వేలు అక్కడ గాల్లోనే ఆగిపోతుంది.

2007లో జనం చేతికొచ్చిన విండోస్ విస్టా అడుగడుగునా అనుమతి అడిగింది. దాంతో చదవకుండా నొక్కడం అలవాటైంది. 2009లో విండోస్ 7 ఆ ప్రశ్నలు తగ్గించినా, ఆ లోటును వెబ్‌సైట్ల కుకీ పెట్టెలు భేషుగ్గా తీర్చాయి. ‘అన్నీ అంగీకరిస్తున్నా’ అన్నది నిగనిగలాడే పెద్ద బటన్. వద్దనాలంటే మాత్రం బూడిదరంగు అక్షరాలు వెతుక్కుని, లోపలి తెరల్లోకి దిగాలి. ఈ చాకచక్యానికి 2022 జనవరిలో ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. కొన్ని నెలలకే గూగుల్ కుకీ పెట్టెలో ‘అన్నీ తిరస్కరించు’ బటన్ యూరప్‌వాసులకు ప్రత్యక్షమైంది.