ట్రాలీ కట్టినోళ్లు

సెలవులు రాగానే కారు వెనక చక్రాల ఇంటిని తగిలించుకొని, నచ్చినచోట ఆగి, అందులోనే వండుకు తిని అందులోనే పడుకునేవాళ్లను దొరల దేశంలో కారవానర్లు అంటారు. ఈ వంశానికి మూలపురుషుడు గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు. 1885లో రెండు గుర్రాలు లాగే ‘వాండరర్’ అనే బండి చేయించుకొని, ఇంగ్లండులో బయల్దేరి స్కాట్లండు దాకా షికారు పోయినాడు. వెంట బండి తోలేవాడు, పనివాడు, ఒక కుక్క, ఒక చిలక. 1907లో ఈ బాపతు వాళ్లంతా కలిసి ఒక క్లబ్బు కూడా పెట్టుకున్నారు.

మనమేమీ తక్కువ తినలేదు. ఆ వాండరర్ బండికి యాభై అయిదేళ్ల ముందే, 1830లో, చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయల్దేరినాడు. కుక్కా చిలకా కాదు, వెంట సుమారు నూరుమంది! డేరాలు, పల్లకీలు, బోయీలు, వంట సామాన్లు. కడప, అహోబిలం, ఆత్మకూరు మీదుగా పోతూ శ్రీశైలం కూడా చూసుకున్నాడు. అప్పుడీ సీమ కందనూరు నవాబుది. యాత్రికుల దగ్గర పన్ను గుంజుతాడే గానీ గుడి బాగోగులు పట్టవని ‘కాశీయాత్ర చరిత్ర’లో ఆయన వాపోయినాడు. టోల్‌గేటు దగ్గర మనం గొణుక్కోవడం ఫాస్టాగ్‌తో మొదలైంది కాదన్నమాట.

వీరాస్వామయ్య వారసులను చూడాలంటే శివరాత్రికి శ్రీశైలం పోయే ఆత్మకూరు, దోర్నాల దారిలో నిలబడాలి. వాళ్లకు క్లబ్బూ లేదు, కుక్కా లేదు. ట్రాక్టరుంది, దాని వెనక ట్రాలీ ఉంది. వెదురు దబ్బలు వంచి కట్టి, పైన పట్ట కప్పి, కింద వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద జంబుఖానా వేస్తే ఇల్లు సిద్ధం. గృహప్రవేశానికి ముహూర్తం అక్కర్లేదు, డీజిల్ ఉంటే చాలు.

మా చిన్నాయన ట్రాలీతో ఒకటే చిక్కు. శివరాత్రి నాటికి మిరపకాయల కోతలు. ముందురోజు దాకా ఎండుమిరప బస్తాలు మోసిన ట్రాలీ అది. ఎన్ని బిందెల నీళ్లు పోసి కడిగినా బండి కదలగానే గడ్డిలోంచి ఘాటు లేస్తుంది. ఒక తుమ్ము అపశకునం, రెండైతే పర్వాలేదంటారు. ట్రాలీ ట్రాలీ అంతా ఆత్మకూరు దాకా తుమ్ముతూ పోతే ఏం ఫలమో ఏ పంచాంగంలోనూ లేదు. “అందరం కలిసి తుమ్మినాం గదా, దోషం పంచుకుపోతాది లే” అని తేల్చింది మా జేజి.

ట్రాలీలో ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. జేజికి ముందు మూల. పిల్లకాయలు వెనక తలుపు దగ్గర, పడిపోతారని పెద్దోళ్లు అరవడానికి వీలుగా. కోడళ్లు గ్యాస్ స్టవ్వు పక్కన. కొత్త అల్లుడికి మాత్రం ట్రాక్టరు మడ్‌గార్డు మీద పీట. ఫస్టు క్లాసు అదే. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేసరికి ఆ మర్యాద ఎక్కడెక్కడ తగులుతోందో అల్లుడికే తెలుస్తుంది. అత్తగారింటి గౌరవం, దిగుతానంటే బాగుండదు.

ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం. ఒకసారి దారిలో పోలీసాయన ఆపనే ఆపినాడు.

“ఇది వ్యవసాయానికి ఇచ్చిన బండి కాదా? పంట తోలుకోవాల గానీ జనాన్ని తోల్తావా?”

“పంటే సార్,” అన్నాడు చిన్నాయన, “పండించేటోళ్లను తోల్తాండా.”

పోలీసాయన లోపలికి తొంగిచూసినాడు. జేజి ఆయన చేతిలో రెండు ఓళిగలు పెట్టి, “నాయనా, ఎప్పుడు తిన్యావో ఏమో” అంది. చట్టం కాసేపు నమిలింది.

కొండమీద గుడికి ముందు సాక్షి గణపతి. ఎవరెవరు వచ్చినారో ఆయన చిట్టాలో రాసుకుంటాడని నమ్మకం, చేతిలో గంటం పుస్తకం అందుకే. జేజి అక్కడ నిలబడి, వచ్చినోళ్ల పేర్లతోపాటు బెంగళూరులో సెలవు దొరకని మనవడి పేరు, పరీక్షలున్న మనవరాలి పేరు కూడా చెప్పేసింది. దేవుడి దగ్గర కూడా ప్రాక్సీ వేయించిన ఘనత మా ఇంటిదే. అంతకు ముందే దారిలో శిఖరం. నంది కొమ్ముల మధ్యలోంచి గుడి గోపురం కనిపిస్తే మళ్లీ జన్మ ఉండదంటారు. చిన్నాయన తొందరగా చూడలేదు. “జన్మ లేదంటే సరే గానీ, ట్రాక్టరు కంతులు ఇంకా ఉండాయి” అన్నాడు.

శివరాత్రికి శ్రీశైలంలో గది దొరకడం మోక్షం కన్నా కష్టం. ఏ కులం సత్రం చూసినా వరండాలు కూడా నిండిపోయి ఉంటాయి. ట్రాలీ కట్టినోళ్లకు ఆ దిగులు లేదు. చెట్టు కనిపిస్తే బండి ఆపుతారు, టైరు కింద రాయి పెడతారు, మూడు రాళ్లు పేర్చి ఎసరు పెడతారు. జాగరణ అయిన మర్నాడు అక్కడ ఉడికే సంగటీ, చెనిగ్గింజల ఊరిబిండీ వాసనకు ఉపవాసం చేయనోళ్లకు కూడా ఆకలేస్తుంది. హైదరాబాదు నుంచి ఏసీ కారులో వచ్చిన మా మేనబావ, ఫోనులో బుక్ చేసుకున్న గది వేరే ఎవరికో ఇచ్చేసినారని తెలిసి, రాత్రి పదకొండింటికి సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చినాడు. “అత్తా, కొంచెం జరగండి” అన్నాడు. ఎవరూ జరగలేదు, అందరూ కొంచెం కొంచెం ముడుచుకున్నారు. ఆయనకు చోటొచ్చింది. తెల్లారేదాకా ఆయనొక్కడే తుమ్మినాడు, అలవాటు లేక.

ఊరికి వచ్చినాక ఆ మేనబావే ఫోనులో జేజికి కారవాన్ బొమ్మ చూపించినాడు. మెత్తటి మంచం, ఏసీ, ఫ్రిజ్జు, కుళాయి, టీవీ. జేజి కళ్లజోడు సర్దుకొని అంతా చూసింది.

“ఎంతమంది పడతారు రా?”

“నలుగురు, జేజీ.”

“నలుగురేనా? మరి తక్కినోళ్లు ఎట్ల పోతారు, పాపం, బస్సుకా?”