అర్జీల టైపు మిషన్ చెప్పుకున్న కథ

నేను టైపు మిషన్ని. తెలుగు టైపు మిషన్ని. నా ఒంటి మీద ఉన్నవి నలభై పైచిలుకు మీటలే. మన గుణింతాలు, వత్తులు అన్నీ వాటిలో ఇమడవు గనుక నన్ను చేసినవాళ్లు అక్షరాన్నే విడగొట్టారు. తలకట్టుకు ఒక మీట, గుడికి ఒకటి, వత్తుకు వేరొకటి. కొన్ని మీటలు నొక్కితే క్యారేజీ ముందుకు జరగదు. మిగిలిన ముక్క కూడా వచ్చి అక్షరం పూర్తయ్యాకే కదులుతుంది. అందుకే ఇంగ్లీషు మిషన్ మీద చెయ్యి తిరిగినవాళ్లకు కూడా నేనొక పట్టాన లొంగను. గోద్రెజ్ కంపెనీ 1955లో మన దేశపు తొలి టైపు మిషన్‌ను తయారుచేసింది. 2009లో వాటి తయారీ ఆపేసింది. నా కులం పెరగడం ఆగిపోయినా నేను మాత్రం పనిలోనే ఉన్నాను.

నా చోటు కొలిమిగుండ్ల. నంద్యాల జిల్లా దక్షిణపు కొసన, తాడిపత్రికి దగ్గరగా ఉన్న మండల కేంద్రం. చుట్టూ నాపరాయి గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు, శనగ చేలు, జొన్న చేలు. మండలాఫీసు ఎదుట వేపచెట్టు కింద ఒక బల్ల, ఒక స్టూలు, ఒక బెంచీ. బల్ల మీద నేను, స్టూలు మీద మా యజమాని, బెంచీ మీద అర్జీదారులు.

అంతకుముందు ఊళ్లో కాగితం, కలం కరణం చేతిలో ఉండేవి. 1984లో కరణాల పదవులు రద్దయ్యాయి. 1985లో మండలాలు ఏర్పడి ఆఫీసు ఊళ్లోకే వచ్చింది. పట్టా మార్పుకో, పింఛనుకో, పంట నష్టానికో అర్జీ పెట్టుకోవడానికి ఇక బస్సెక్కి తాలూకా ఆఫీసుకు పోనక్కర్లేదు. మరి ఆ అర్జీ ఎవరు రాయాలి? తెలుగు టైపులో లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసైన మా యజమాని ఆ ప్రశ్నలో తన బతుకు తెరువు చూసుకున్నాడు. ఉద్యోగం కాదు, జీతం లేదు. రాస్తే కూలి, రాయకపోతే లేదు. ఇప్పుడు పట్నాల్లో ఫ్రీలాన్సు అంటున్న పనే అది.

మొదట్లో బెంచీ ఖాళీగా ఉండేది. ఆయన కేకలేసి ఎవర్నీ పిలవలేదు. ఒక అట్టముక్క తీసుకుని దాని మీద ఒక కాగితం అంటించి చెట్టుకు కట్టాడు. జూన్ నెల వస్తే ఆ కాగితం మీద ఇలా ఉండేది: బడిలో చేరే పిల్లలకు కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలంటే తేవలసినవి ఇవి, వెళ్లవలసింది ఫలానా గుమాస్తా దగ్గరికి. పంట రుణాల కాలం వస్తే అడంగలు, వన్ బీ నకలు గురించి. వానలు తప్పితే పంట నష్టం దరఖాస్తు గురించి. ఋతువు మారినప్పుడల్లా ఆ కాగితం మారేది. అంకిరెడ్డిపల్లె నుంచి, పెట్నికోట నుంచి, ఇటిక్యాల నుంచి వచ్చినవాళ్లు ఆఫీసు గడప తొక్కేముందు అక్కడ నిలబడి చదువుకునేవాళ్లు. చదువు రానివాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించేవాళ్లు. అందులో సగం మంది కాగితాలు సరిచూసుకుని తమ దారిన పోయేవాళ్లు. తక్కిన సగం బెంచీ మీద కూర్చునేవాళ్లు. అడగకముందే అక్కరకొచ్చే మాట చెప్పిన మనిషిని ఊరు గుర్తు పెట్టుకుంటుందని నేనక్కడే తెలుసుకున్నాను.

ఆయన అర్జీ రాసే తీరు చెప్పాలి. వచ్చినవాడు తన కష్టమంతా మొదట్నుంచీ చెప్పుకొస్తాడు. తాత కాలపు పంపకం, అన్నదమ్ముల తగాదా, గట్టు జరిపిన పక్క చేనాయన, అన్నీ. మా యజమాని అంతా ఓపిగ్గా విని చివర్న ఒకే మాట అడిగేవాడు. "అంతా బాగుందన్నా, ఇప్పుడు ఆఫీసరు నీకేం చేయాల?" దానికి వచ్చిన జవాబే నా మీద మొదటి వాక్యంగా పడేది. తర్వాత సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీలు. చివర్న జత చేసిన కాగితాల జాబితా. వేరే విషయముంటే వేరే అర్జీ. అర్జీ రాయించుకునేది రైతే అయినా చదివేది ఆఫీసరు. గుట్టగా పడి ఉన్న అర్జీల్లో ఇది ఏ సెక్షనుకు పోవాలో చూడగానే తెలియాలి. కొన్నాళ్లకు లోపల గుమాస్తాలే బయటికి చెయ్యి చూపడం మొదలుపెట్టారు. "ఆ చెట్టు కింద రాయించుకోని రాపో, పని తొందరగా అయితుంది" అని. అంతకు మించిన సిఫారసు ఏ రాతగాడికీ దొరకదు.

కూలి సంగతి కూడా ఆ అట్టమీదే ఉండేది. అర్జీకి ఇంత, అదనపు నకలుకు ఇంత. మనిషిని బట్టి మారదు. బేరాలు లేకపోవడంతో బీదవాళ్లు భయపడకుండా కూర్చున్నారు. ఇంకో పద్ధతి, రాసినదంతా మళ్లీ చదివి వినిపించడం. అర్జీదారు "అవును, ఇదే నా మాట" అన్నాకే వేలిముద్రో సంతకమో. కార్బన్ పెట్టి మూడు ప్రతులు తీసేవాడు. ఒకటి ఆఫీసుకు, ఒకటి ముట్టినట్టు స్టాంపు వేయించుకుని అర్జీదారు దాచుకోవడానికి, మూడోది తన ఫైలుకు. సంతలోనో బస్టాండులోనో ఆ మనిషి కనబడితే "పనయిందా?" అని అడిగేవాడు. అయిందో లేదో తన ప్రతి మీద రాసుకునేవాడు. ఏ రకం అర్జీ ఏ బల్ల దగ్గర ఆగిపోతుందో ఆ ఫైలు చూసి చెప్పగలిగేవాడు. ఆయన చేతిలో ఉన్న పెట్టుబడి అదే.

2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చాక అట్ట మీద కొత్త కాగితం పడింది. గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ఒకనాడు ఒక ముసలామె వచ్చింది. "నాయనా, నా పింఛను ఎందుకు ఆపినారో రాసిమ్మని అడగాల. నీకిచ్చేకి నా దగ్గర దుడ్లు లేవు." మా యజమాని చెప్పాడు: "అవ్వా, రాయడం రానోళ్లు నోటితో చెప్తే, దాన్ని కాగితం మీద పెట్టేకి ఆఫీసులోనోళ్లే సాయం చేయాలని ఆ చట్టంలోనే ఉంది. పా, నేను కూడా వస్తా." నన్ను బల్ల మీదే వదిలి ఆమె వెంట లోపలికి పోయాడు. ఆ పూట ఆయనకు పైసా రాలేదు. అయితే ఆమె తన వీధిలో ఎవరికి ఏ కాగితం కావాల్సి వచ్చినా మా చెట్టు కిందికే తోలుకొచ్చింది. కూలి రాని పనిని కూలి రాదని తెలిసే నిజాయితీగా చేసిన మనిషి మీద నమ్మకం అలా కుదురుతుంది.

కాలం ఆగలేదు. ఈ మండలంలోనే ఉన్న బెలుం గుహలు, 3,229 మీటర్ల పొడవున్నవి, 2002లో సందర్శకులకు తెరుచుకున్నాయి. కొట్లు పెట్టుకుంటామని, పని ఇప్పించమని కొత్తరకం అర్జీలొచ్చాయి. 2011లో మీసేవ వచ్చింది. ధ్రువపత్రాల పని కంప్యూటర్ల ముందుకు పోయింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయింది. అంతవరకు అర్జీ పైన కర్నూలు జిల్లా అని కొట్టిన నా మీటలు ఆనాటి నుంచి నంద్యాల జిల్లా అని కొట్టాయి. నాకు రిబ్బను దొరకడం కష్టమైంది. బెంచీ మీద జనం తగ్గారు. కలెక్టరుకు సోమవారం అర్జీలిచ్చుకునేవాళ్లు మాత్రం ఇప్పటికీ వస్తారు. ఏ ఫారంలోనూ ఇమడని కష్టాన్ని ఒక మనిషే విని రాయాలి.

మా యజమాని కూతురు డిగ్రీ చదివి ఇంటికొచ్చింది. చేతిలో ల్యాప్‌టాప్. కంపెనీలకు తెలుగులో రాసిపెట్టి బతుకుతానంది. ఒక సాయంత్రం నా పక్కనే బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అడిగింది. "నాయనా, తెలుగులో ఏదైనా రాస్తానని అందరికీ మెయిళ్లు పెట్టనా?"

"పాపా, ఏదైనా అంటే ఎవరికీ ఏమీ తట్టదు. నీకు బాగా తెలిసిందేంది? అది ఎవరికి అక్కరకొస్తుంది? ఆ రెండూ చెప్పు."

ఆమెకు బాగా తెలిసింది చేను, అర్జీ, ఆఫీసు భాష రైతుకు అర్థంకాకపోవడం. ఆ ఒక్కదాన్నే పట్టుకుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనలు తీసుకుని ఒక్క పేజీలో, పెద్దక్షరాల్లో, సీమ రైతు చదువుకునే తెలుగులో రాసింది. వడగండ్లకు పంట పోతే 72 గంటల్లోపు తెలియజేయాలన్న ముక్కను అన్నిటికంటే పైన పెట్టింది. రైతులకు ఫోన్లలో సమాచారం పంపే సంస్థలు, విత్తన కంపెనీలు, గ్రామాల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు ఏవేవో వెతికి, ఒక్కొక్కరికీ వాళ్ల పనిని బట్టి నాలుగు వాక్యాలు రాసి, ఆ పేజీని జతచేసి పంపింది. జవాబు రానివాళ్లకు కొన్నాళ్లాగి మర్యాదగా ఇంకోసారి రాసింది. ఒక సంస్థ చిన్న పని ఇచ్చింది. ధర, గడువు, ఎన్నిసార్లు దిద్దిపెడుతుందో ముందే చెప్పి, సగం సొమ్ము ముందు తీసుకుని పని మొదలుపెట్టింది. అప్పజెప్పిన నెలకు "ఆ పేజీలు రైతులకు అర్థమయ్యాయా?" అని అడిగింది. ఆ ప్రశ్న తర్వాతే రెండో పని వచ్చింది. వాళ్ల మాటమీద ఇంకో సంస్థ వచ్చింది.

చెట్టు కింద జరిగినదానికీ ల్యాప్‌టాప్‌లో జరిగినదానికీ ఒక తేడా మాత్రం ఉంది. మా యజమాని రాత ఎలాంటిదో ఆఫీసు ఎదుట నిలబడితే కనబడేది. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నవాళ్లకు ఈ చెట్టు కనబడదు. అందుకని ఆమె తన రాతను వాళ్ల దగ్గరికి పంపవలసి వచ్చింది. అది అడుక్కోవడమని సిగ్గుపడే రాతగాళ్లున్నారు. పనికొచ్చే కాగితాన్ని అవసరమున్న మనిషికి చేర్చడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు.

కూలికి రాయడం తక్కువ పని అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నా మీద పడిన అక్షరాలతో పింఛన్లు తిరిగొచ్చాయి, పట్టాల్లో పేర్లు సరయ్యాయి. రాత నేర్చిన పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ ఊళ్లో ఉండే రాయొచ్చు. మీ చుట్టూ ఎవరికి ఏ కాగితం అక్కరగా ఉందో ముందు చూడండి. అలాంటిదొకటి అడగకముందే బాగా రాసి వాళ్ల చేతిలో పెట్టండి. ధర దాచకండి. కానిపనిని కాదని చెప్పండి. రాసిచ్చాక పనయిందా అని అడగండి. ఈ చివరి మాట అడిగే రాతగాళ్లు తక్కువ, గిరాకీ వెతుక్కుంటూ వచ్చేది వాళ్ల దగ్గరికే.