ఏలినవారి సంగీత సేవకు జేజేలు

అయ్యా ఏలినవారూ, బడులు నడిపే పెద్దలారా! మీ సంగీతాభిమానాన్ని ఎంత పొగిడినా తనివి తీరదు. ఏ సభకు వెళ్లినా ప్రార్థనా గీతం అయ్యేదాకా మీరు కుర్చీలో కూర్చోరు. ఆ పాట పాడిన పిల్లకు శ్రుతి పట్టడం ఎవరు నేర్పారో, వారికి నెలనెలా జీతం అందుతోందో లేదో మాత్రం అడగరు. ఇంతటి నిస్సంగత్వం యోగులకు తప్ప ఇంకెవరికి సాధ్యం?

మీ పొదుపు మరీ గొప్పది. ప్రాథమికోన్నత పాఠశాలలో పిల్లలు నూరుమంది దాటితే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. కళ అంటే ఏదైనా కళే గనుక, బొమ్మలు వేయించే మాస్టారు ఉంటే పాటకూ ఆయనే చాలన్నారు. ఆయన కూడా లేనిచోట సంగీతం పీరియడ్‌ను లెక్కల మాస్టారి చేతిలో పెట్టి, పదో తరగతి ఫలితాలను కాపాడారు.

గురువు మీద మీకున్న నమ్మకం ఇంకా గొప్పది. ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు తన వృత్తిలో కొత్త సంగతులు నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం కోరింది. సంగీతం మాస్టారికి మాత్రం ఆ అవసరం లేదని మీరు ముందే గ్రహించారు. డిప్లొమా చేతికొచ్చిన రోజునే ఆయన సర్వజ్ఞుడయ్యాడు. ఒక్కరిని ఎదుట కూర్చోబెట్టుకుని చెప్పే గురుకుల విద్యను నలభై మంది ఉన్న తరగతిలో ఎలా చెప్పాలో ఆయనకు ఎవరూ చూపనక్కరలేదు. పన్నెండు, పదమూడేళ్లకు మగపిల్లవాడి గొంతు మారుతుంది. అప్పుడు శ్రుతి ఎంత దించాలో, ఎంతసేపు పాడించాలో, ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో చెప్పే వైద్యుడినిగానీ విద్వాంసుడినిగానీ ఆయన ముందుకు తేనక్కరలేదు. ఆ వయసులో ‘నీకు సంగీతం రాదు, పో’ అనిపించుకుని వెళ్లిపోయిన పిల్లలు మళ్లీ నోరు విప్పరు. క్లాసు అంత ప్రశాంతంగా ఉన్న పుణ్యమూ మీదే.

తల్లిదండ్రులమైన మన చురుకుదనాన్నీ కీర్తించాలి. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు మూడు కాలాల్లో పలికించే ఓపిక పాతకాలపు వాళ్లది. మనకు ఆరు నెలల్లో కృతి, ఏడాదిలో టీవీ పోటీ కావాలి. అమెరికాలో ఉన్న పిల్లకు హైదరాబాద్ గురువు తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో పాఠం చెబుతాడు. మాట చేరడానికి పట్టే ఆ కాస్త ఆలస్యం వల్ల గురుశిష్యులు కలిసి తాళం వేయలేరు, కలిసి పాడలేరు. ఆ చిక్కును దాటే ఉపాయం ఆయన తనంతట తానే వెతుక్కోవాలి. మనం మాత్రం ఫీజు తగ్గించమని అడిగి, ఆయన తెలివికి పదును పెడుతున్నాం.

పూర్వం విజయనగరంలో ఒక రాజు ఉండేవాడు. చూపులేని పిల్లవాడొకడు సంగీతం నేర్చుకోవాలనుకుంటే, విజయరామ గజపతిరాజు 1919లో ఏకంగా సంగీత కళాశాలే పెట్టాడని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసును అధ్యక్షుడిగా, ద్వారం వెంకటస్వామినాయుడును వయొలిన్ ఆచార్యుడిగా తెచ్చుకున్నాడు. ఘంటసాల అక్కడే చదివాడు. ఒక్క పిల్లవాడి కోసం అంత ఖర్చు! ఎంత దుబారా మనిషి! మీరు అటువంటి పొరపాటు చేయరు. ఖాళీ అయిన అధ్యాపకుడి పీఠాన్ని ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంచుతారు. తప్పనిసరైతే గంటకింత అని ఇచ్చి, వచ్చే ఏడాది ఉంటాడో ఉండడో తెలియని వాడిని కూర్చోబెడతారు. లక్షల మంది పిల్లలున్నా మీ చెయ్యి జారలేదు.

స్తుతి చాలిస్తాను. ఇక మనవి. సంగీత కళాశాలల్లో ఖాళీలను శాశ్వత అధ్యాపకులతో నింపండి. ఆ 50 గంటల్లో కనీసం సగం పాట చెప్పే మాస్టారికి పాట కోసమే ఇవ్వండి. విద్వాంసులనూ, గొంతు వైద్యులనూ, బడి పంతుళ్లనూ ఏడాదికొకసారైనా ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి అనుభవం ఇంకొకరికి అందేలా చేయండి. తల్లిదండ్రులారా, పిల్లవాడు ఎన్ని పాటలు నేర్చుకున్నాడని అడగడం మాని, వాడు శ్రుతిలో నిలుస్తున్నాడా అని అడగండి. త్యాగయ్య పాడిన భాష మనది. ఆ భాష పిల్లలకు బడిలో సంగీతం చెప్పేవాళ్లు లేకపోవడం మనందరి తప్పు. దిద్దుకోవడానికి వచ్చే వేసవి సెలవులు చాలు. మొదలుపెట్టండి.