ఫ్రిజ్ మీది ఆటవెలది (సటీకాతాత్పర్యం)

మూలం:

కొలువు మాని మేము గోకర్ణ మేగెద
మమ్మ చింత వలదు మాసమాస
మప్పు తానె తీరు మా మొక్కలకు నీళ్లు
పోయుచుండుమమ్మ పొద్దుగూక.

అవతారిక: ఈ పద్యం హైదరాబాదు నల్లగండ్లలో ఒక ఫ్లాటులో, ఫ్రిజ్ తలుపు మీద, వేంకటేశ్వరస్వామి మాగ్నెట్ కింద దొరికింది. కవి ముప్పై దాటని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కవిపత్నిదీ అదే వృత్తి. ఇద్దరూ బుద్ధిమంతులు. ఎంతటి బుద్ధిమంతులంటే, ఇడ్లీపిండి డబ్బాల మీద రుబ్బిన తేదీ చీటీ అంటించి, పాత తేదీ డబ్బాను ముందు ఖాళీ చేస్తారు. వాషింగ్ మెషీను వారంటీ కాగితం ఏ ఫైల్లో ఉందో నిద్రలో అడిగినా చెబుతారు. అటువంటి ఇంట ఇటువంటి పద్యం పుట్టింది. కవి మాతృశ్రీ సాయంత్రం గుడికి వెళ్లి వచ్చేసరికి దంపతులు లేరు, పద్యం ఉంది. ఆవిడ దాన్ని పట్టుకుని పై అంతస్తులోని నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఇది సంగతా, సాహిత్యమా? కాస్త చూసి చెబుదురూ" అన్నారు. ఈ టీకకు అదే ప్రేరణ.

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మన మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానించాడు. అంత నిగ్రహం నావల్ల కాదు.

ప్రతిపదార్థం: కొలువు = వారానికి అయిదు రోజులు, ఫోను మోగితే ఏడు రోజులు చేసే ఉద్యోగమును; మాని = విడిచి (దీని మీద వివాదము కలదు, కింద చూడుడు); మేము = నేనును, నా భార్యయును; గోకర్ణము = ఉత్తర కన్నడ జిల్లాలో సముద్రపుటొడ్డున గల క్షేత్రమునకు; ఏగెదము = వెళ్లుచున్నాము; అమ్మ = ఓ తల్లీ; చింత = దిగులు; వలదు = అక్కరలేదు; మాసమాసము = నెలనెలా; అప్పు = ఈ ఫ్లాటుపై నున్న ఇరవయ్యేళ్ల గృహరుణపు వాయిదా; తానె = బ్యాంకు ఖాతాలోనుండి తనంతట తానే; తీరు = చెల్లిపోవును; మా మొక్కలకు = బాల్కనీలోని తులసి, కరివేప, మనీప్లాంటులకు; నీళ్లు = మంజీరా వచ్చిననాడు మంజీరా, రాకున్న ట్యాంకరు జలములను; పోయుచుండుము = తప్పక పోయుము; అమ్మ = మరల ఓ తల్లీ; పొద్దుగూక = సూర్యుడు అస్తమించువేళ.

పాఠాంతరం: కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే, "కొలువు మాని" కింద రబ్బరుతో చెరిపిన పెన్సిలు రాత కనిపిస్తుంది. అక్కడ మొదట ఉన్న పాఠం "సెలవు పెట్టి". గణాలకు దానివల్ల లోటు లేదు. సెలవు నగణం, పెట్టి హగణం, రెండూ సూర్యగణాలే. చిక్కంతా యతి దగ్గర. "సె"కూ "గో"కూ మైత్రి కుదరదు. "కొ"కూ "గో"కూ కుదురుతుంది. ఆఫీసు పోర్టల్‌లో మేనేజరు ఆమోదముద్రతో ఉన్నది పది రోజుల సెలవేనని, నెల ముందే పెట్టామని, కవిపత్ని తిరిగొచ్చాక ఒప్పుకున్నారు. కనుక కవి ఉద్యోగం వదిలింది సంసారం మీద విరక్తితో కాదు, యతిభంగ భయంతో. ఆ రాత్రి మాతృశ్రీ బీపీ మాత్ర రెండోది వేసుకున్నారంటే ఆ పాపం లక్షణకర్తలదే.

యతి ప్రస్తావన వచ్చింది కనుక ఇంకొకటి. రెండు, మూడు పాదాల ఆరంభంలోని "మ" సంధివల్ల వచ్చింది: ఏగెదము+అమ్మ, మాసమాసము+అప్పు. అచ్చుకు వేయవలసిన యతిని హల్లుకు వేసి కవి నెట్టుకొచ్చాడు. దీన్ని అఖండయతి అంటారు, లాక్షణికుల్లో ఒప్పుకోనివారున్నారు. మొత్తం ఉదంతంలో ఈ యువకుడు కట్టు తప్పిన చోటు నాకు ఇదొక్కటే కనిపిస్తోంది.

శ్లేష: గోవా ఉండగా గోకర్ణమేల? అందులోనే కవి చమత్కారం. తల్లికి ఆ పేరు వినగానే మహాబలేశ్వరుడు, ఆత్మలింగం స్ఫురిస్తాయి. ఆలికి ఓం బీచి, కుడ్లే బీచి, గిటారు స్ఫురిస్తాయి. ఒక్క మాటతో ఇద్దరికీ సమాధానం చెప్పిన మగవాణ్ణి తెలుగు సాహిత్యం అరుదుగా చూసింది.

ధ్వని కూడా ఉంది. రావణుడు ఆత్మలింగం మోసుకుపోతూ ఆగింది ఎందుకు? పొద్దుగూకిందని, సంధ్య వార్చాలని. లింగాన్ని పశువుల కాపరి వేషంలోని వినాయకుడి చేతిలో పెట్టాడు, పిల్లవాడు నేల మీద దించాడు, అది మళ్లీ లేవలేదు. నియమం తప్పని వాడు గనకే లంకేశ్వరుడు అక్కడ చిక్కాడు. మన పద్యం కూడా "పొద్దుగూక" అనే మాట మీదే ముగియడం కాకతాళీయమని నేననుకోను.

పూర్వపక్షం: "నిజంగానే మానాలనుకుని, ధైర్యం చాలక సెలవు పెట్టారేమో?" అని ఆక్షేపణ రావచ్చు. దీన్ని తోసిపుచ్చలేం. కవి మిత్రుడొకడు ఉద్యోగం వదిలి కుడ్లే ఒడ్డున గుడిసె అద్దెకు తీసుకుని పూసల గొలుసులు గుచ్చుతూ బతుకుతున్నాడు. వీళ్ల గృహప్రవేశానికి చెప్పుల్లేకుండా వచ్చి, హాల్లో చాప మీద మర్నాడు పది గంటలదాకా పడుకున్నాడట. దంపతులు అతన్ని లేపలేదు. గుమ్మం దగ్గర నిలబడి, నగల దుకాణం అద్దంలోకి చూసినట్టు ఆ నిద్రను చూశారని మాతృశ్రీ సాక్ష్యం.

ఇటువంటి మోజుకు మనకు ప్రమాణగ్రంథం లేకపోలేదు. 1927 నాటి 'మైదానం'లో ప్లీడరు భార్య ఇల్లు విడిచి ఆరుబయట కాపురానికి పోయింది. అయితే దాన్ని రాసిన చలం జీతం తీసుకున్నది బడుల ఇన్‌స్పెక్టరుగా. 1896లో తొలిసారి ఆడిన పుచ్చీని 'లా బొహీమ్' ఒపెరాలో ప్యారిస్ కవి చలికి తాళలేక తన నాటకం రాతప్రతినే పొయ్యిలో వేస్తాడు. మన కవి తన పద్యానికి చట్నీ మరకలు పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగాడు. బొహీమియన్లకూ మనవాళ్లకూ తేడా ఆ కవరే.

అసలు మన పెళ్లిలోనే ఈ ఏర్పాటు ఉంది. వరుడు గొడుగు, పావుకోళ్లతో సంసారం వద్దని కాశీకి బయల్దేరతాడు. బావమరిది ఎదురొచ్చి, బెల్లం ముక్క చేతిలో పెట్టి, పీటల మీదికి తీసుకొస్తాడు. పెద్దలు ఆ కోరికను ముందే గుర్తించి, దానికి పది నిమిషాలు కేటాయించారు. ఈ దంపతులు పది రోజులు తీసుకున్నారు, అంతే.

అలంకారం: జీతం లేకున్నా అప్పు తీరుతుందనడం కారణం లేకుండా కార్యం పుట్టడం, కాబట్టి విభావన అని మొదట రాసుకున్నాను. బయల్దేరే ముందే మూడు వాయిదాల సొమ్ము ఖాతాలో నిలవ ఉంచారని తర్వాత తెలిసింది. కనుక ఇది స్వభావోక్తి.

తాత్పర్యం: అమ్మా, మేము పది రోజులు మేము కానట్టుగా ఉండి వస్తాము, అంతవరకూ ఇల్లు మేమున్నట్టుగానే నడవాలి. కుడ్లే గుడిసెలో వీరు ఆరింటికే లేచి, దుప్పట్లు మడిచి, ఇసుక ఊడ్చి, చెప్పులు జతలుగా పెట్టారట. మిత్రుడు పదింటికి లేచేసరికి అతని గిన్నెలు కూడా తోమి బోర్లించి ఉన్నాయట. సెలవు ఒక రోజు మిగిల్చుకుని వచ్చేశారు. ఏడాది చివర కలిసొస్తుందట.

రసనిర్ణయం: అద్భుతమని కవిపత్ని, కరుణమని మాతృశ్రీ. నా తీర్పు హాస్యం. పద్యం చెల్లుతుంది, రాజీనామా చెల్లదు. "పొద్దుగూక" అని మూలంలో స్పష్టంగా ఉన్నా, మాతృశ్రీ దిగులు కొద్దీ రెండు పూటలా నీళ్లు పోశారు. తులసి, మనీప్లాంటు నిలిచాయి. కరివేప వేరు కుళ్లింది.