సాంచాల పద్యం – టీకా తాత్పర్య సహితం

మూలం:

నేటి నుండి షెడ్డు నేతగాండ్రందరు
పక్క సాంచెకొకరు పాఱవలయు
మూలగాను పోకు మొదటి చోటను నిల్వ
వలదు సేటు మాట వమ్ముగాదు

అవతారిక: భివండీ, గైబీ నగర్‌లో ఒకానొక రేకుల షెడ్డు. సాంచాలు, అంటే మరమగ్గాలు, తొమ్మిది; వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు. కూలి మీటరు లెక్కన. మంచి సాంచె దొరికినవాడు తాను మీద తాను దించుతుంటే, దారం తెగే సాంచె తగిలినవాడు పొద్దుగూకులూ ముడులేస్తున్నాడని సేటు దగ్గరకు పంచాయితీ పోయింది. ఆ తీర్పే ఈ పద్యం. కవి మనవాడే. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు తరతరాలుగా వచ్చి, పద్మానగర్ అని ఒక పేటే నిలుపుకున్న ఊరు గదా! ఛందస్సు ఆటవెలది. యతులు సరిగ్గానే పడ్డాయి, లెక్కే పడలేదు.

టీక: నేటి నుండి = పొద్దుటి పాళీ మొదలుకొని; పక్క సాంచె = ముందు, వెనక, కుడి, ఎడమలలో ఆనుకొని ఉన్నది; ఒకరు = ఒక్కరే, ఇద్దరు ఎగబడరాదు; మూలగాను పోకు = ఏటవాలుగా అడుగేయకు; మొదటి చోటను నిల్వవలదు = "నాకిదే బాగుంది మేస్త్రీ" అనవద్దు; సేటు మాట వమ్ముగాదు = దీని సంగతి ముందు ముందు.

శంక: భివండీలో ఒక్కడే నాలుగు, ఆరు సాంచాలు చూసుకుంటాడే, సాంచెకొకరు ఎక్కడిది?

సమాధానం: అంతా చెబితే పద్యంలో పట్టదు. ఒకడి కింద ఉన్న సాంచాలన్నిటినీ కలిపి ఒక గడి అనుకోండి, అర్థం చెడదు.

తాత్పర్యం: అందరూ కదలాలి, ఒక్క గడే కదలాలి. ఎన్ని విధాల కదలవచ్చు? నాలుగు సాంచాల చదరపు షెడ్డయితే నాలుగు విధాలు: అడ్డంగా ఇద్దరిద్దరు మార్చుకోవడం, నిలువుగా మార్చుకోవడం, అందరూ కుడివైపు చుట్టు తిరగడం, ఎడమవైపు తిరగడం.

పెద్ద షెడ్డుకు ఉపాయం వేరు. ఒక సాంచెకు సున్నం బొట్టు, పక్కదానికి బొగ్గు బొట్టు, ఇలా మార్చి మార్చి పెట్టుకురండి. సున్నం వాళ్ళు బొగ్గు సాంచాలకే పోగలరు, బొగ్గు వాళ్ళు సున్నానికే. ఈ రెండు వలసలకూ ఒకదానితో ఒకదానికి పని లేదు. షెడ్డును పక్కపక్క జంటలుగా ఎన్ని రకాల విడదీయవచ్చో ఒక్కో వలసకు అన్ని దారులు. ఆ సంఖ్యను దానితోనే హెచ్చవేస్తే జవాబు. రెండు వరుసల్లో మూడేసి ఉంటే జంటలు 3 రకాలు, మార్పులు 9. నాలుగు నాలుగుల పదహారుకు జంటలు 36, మార్పులు 1,296. ఎనిమిదెనిమిదుల షెడ్డుకు జంటలే 1,29,88,816. ఇలాంటి లెక్కకు సూత్రం 1961లో కాస్టెలైన్ ఒక పక్క, టెంపర్లీ, ఫిషర్ మరోపక్క సాధించారు. ఆ జంటల సంఖ్యను దానితోనే హెచ్చవేస్తే 168 లక్షల కోట్ల పైచిలుకు. మేస్త్రీ నోటుబుక్కులో ఎక్కదు.

ఛందో విశేషం: సాంచాలు ఒకే వరుసలో ఉండి, "ఇష్టమైతే ఉన్నచోటే ఉండు" అని సేటు మెత్తబడితే కథ మారుతుంది. కదలనివాడు ఒక చోటు తింటాడు, లఘువు. మార్చుకునే ఇద్దరు రెండు చోట్లు తింటారు, గురువు. ఎన్ని సాంచాలో అన్ని మాత్రల పాదం! ఒకటి నుంచి అయిదు సాంచాల దాకా విధాలు 1, 2, 3, 5, 8. ఈ వరుసను విరహాంకుడు, తరవాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడు మాత్రాఛందస్సుల లెక్క కోసమే చెప్పారు. ఫిబొనాచ్చి గ్రంథం 1202 నాటిది. పేరు మాత్రం ఆయనకే పోయింది, ఏం చేస్తాం.

ఆక్షేపణ: ఇంతకీ మన తొమ్మిది సాంచాల మాట?

సమాధానం: నాలుగు మూలలు, నడిమిది కలిపి సున్నం బొట్లు 5. బొగ్గు బొట్లు 4. అయిదుగురు నాలుగు సాంచాల మీద పడతారు. ఒక్క విధంగానూ కుదరదు. సేటు మాట మొదటి పాళీలోనే వమ్మయింది. వ్యాఖ్యాత ధర్మం మూలకర్తను కాపాడటం గనక రెండు దారులు చూపుతాను. పదో సాంచె కొని, రెండు వరుసల్లో అయిదేసి సర్దితే జంటలు 8, మార్పులు 64. సేటు కొంటాడని నాకు నమ్మకం లేదు. ఖర్చు లేనిది రెండో దారి: ఒకడికి సెలవిచ్చి, వాడి సాంచె ఆపడం. మూల సాంచె వాడు పోతే మిగిలినవాళ్ళు 16 విధాల మారవచ్చు. నడిమివాడు పోతే మిగిలింది చుట్టూ ఎనిమిది సాంచాల కడియం, 4 విధాలే. మూలకూ మూలకూ మధ్యవాడు పోతే 5కు 3 మిగిలి మళ్ళీ సున్న.

కనక సిరిసిల్లలో చెల్లెలి పెళ్ళి అని సెలవడిగితే మేస్త్రీ ముందు ముహూర్తం అడగడు, సాంచె నంబరు అడుగుతాడు.