చొక్కా పద్యానికి టీకా తాత్పర్యము

అవతారిక: 2006లో భాస్కర్ తొలిసారి దర్శకత్వము వహించిన ‘బొమ్మరిల్లు’ చిత్రము చూసి ఇల్లు చేరిన ఒకానొక పుత్రరత్నము, మంచముపై ఇస్త్రీ మడత నలగక తన కొరకు ఎదురుచూచు కొత్త చొక్కాను దర్శించి, ఆశువుగా చెప్పిన ఆటవెలది ఇది.

చొక్క రంగు నాన్న చూసి తానె కొనును
పెండ్లిపిల్లనైన పిలిచి చూపు
ఏమి కావలెనని యేనాడు నడుగడు
అడుగకున్న నిచ్చు నన్ని నాన్న

ప్రతిపదార్థము: చొక్క = చొక్కా యొక్క (ఛందస్సు కొరకు దీర్ఘము కత్తిరింపబడినది; పొట్టిచేతులు కూడ నాన్నగారి నిర్ణయమే); నాన్న = చిత్రమందు ప్రకాశ్‌రాజ్, అన్యత్ర ఎవరి నాన్న వారికి; తానె = తొడుగుకొనువాడు దుకాణపు మెట్టెక్కకుండగనే; పెండ్లిపిల్లనైన = చిత్రమందు నాన్న కుదిర్చిన సుబ్బలక్ష్మిని సైతము; ఏనాడును = బారసాల మొదలు నిశ్చితార్థము వరకు; అన్ని = ఊపిరి తీసుకొను సందు తప్ప తక్కినవన్నియు.

తాత్పర్యము: నాన్న మంచివాడు. బాధయంతయు అక్కడనే ఉన్నది. చెడ్డవాడైనచో ఎదిరింపవచ్చును, సరిగ్గా సరిపోవు చొక్కాను ఏమని తిరగగొట్టుట?

విశేషములు: ‘అడుగకున్న’ శ్లేష. కర్త కొడుకని పూర్వవ్యాఖ్యాతలు, అనగా నాన్నలు: “వాడు నోరు తెరిచి అడగకముందే తెచ్చితిమి గదా!” కర్త నాన్నయని నవ్యులు: “ఒక్క మాట నన్నడిగిరా?” ఇంటింట తగవు ఈ అన్వయభేదమే. చిత్రము ఏ పక్షమునూ కొట్టివేయలేదు. అందలి కొడుకు సిద్ధు కూడ ఏండ్ల తరబడి పెదవి విప్పక, చివరకు ఒక్క గుక్కలో చొక్కాల లెక్క నుండి అంతయు కక్కినాడు. మౌనము ఉభయులది, వాటా చెరిసగము.

తల ఒకసారి తగిలిన కొమ్ములు వచ్చునని రెండవమారు ఢీకొట్టించు హాసిని, సిద్ధు వలచిన పిల్ల, ఆ ఇంట వారము రోజులు మసలి, అందరి మౌనమునకు అచ్చులు చేర్చినది. పిమ్మట నాన్నయే ఆమె తండ్రి కనకారావు ముందు నిలిచి, మావాణ్ణి ఒక వారము మీ ఇంట ఉంచుకొండని అడిగినాడు. అడుగుట ఎరుగనివాడు అడిగినాడు!

పాఠాంతరము: కావున మూడవ పాదమున ‘యేనాడు నడుగడు’ అనుచోట ‘యీనాడు నడిగెను’ అని దిద్దుకొనవలెను. యతి తప్పదు, గణము చెడదు. నాన్న పరువును పోదు.